పెట్టె అడుగున పాత నాణేలు: తక్కువ ఖర్చుతో చక్కని ఫోటోలు

మన మాటల్లో ఇంకా చెలామణీ అవుతున్న పాత డబ్బు చాలా ఉంది. ‘పదహారణాల తెలుగుదనం’ అంటాం. ‘వాడి చేతిలో చిల్లుకాని లేదు’ అంటాం. ‘కాసుకు కొరగానివాడు’ అని విసుక్కుంటాం. అయితే 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి నూరు నయాపైసలు అయినప్పటి నుంచి అణాల లెక్క పోయింది. 2011 జూన్ 30తో పావలా బిళ్ళ కూడా చెల్లకుండా పోయింది. పూణేలోనో, సూరత్‌లోనో, సింగపూరులోనో పెరుగుతున్న మన పిల్లలకు మాటలు అందాయి గాని, ఆ మాటల వెనుక ఉన్న నాణేలు అందలేదు.

అవి పూర్తిగా పోయాయా అంటే, అదీ లేదు. ఊళ్ళో పెద్దవాళ్ళ ఇంట్లో, భోషాణం అడుగునో, దేవుడి గూట్లోనో, పాత బిస్కెట్ల డబ్బాలోనో ఓ మూట ఉంటుంది. ఇల్లు మారినప్పుడో, పెద్దలు కాలం చేసినప్పుడో ఆ మూట బయటికి వస్తుంది. వెండివి కంసాలి త్రాసెక్కుతాయి. రాగివి పాత సామాన్లవాడి గోతంలో పడతాయి. మిగిలినవి అన్నదమ్ములు తలా నాలుగు పంచుకుంటారు. పదేళ్ళ తర్వాత అందులో ఏమున్నాయో చెప్పగలిగినవాళ్ళు ఉండరు.

ఈ వ్యాసంలో నేను మనవి చేయదలచుకున్నది ఒక్కటే. ఆ నాణేలను అమ్మండి, పంచండి, దాచండి, అది మీ ఇష్టం. దానికి ముందు ఒక్కొక్క నాణేన్నీ బొమ్మా బొరుసూ రెండువైపులా సరిగ్గా ఫోటో తీసి పెట్టుకోండి. ఇందుకు ఖరీదైన కెమెరా అక్కరలేదు. చేతిలో ఉన్న ఫోను, ఒక టేబుల్ లాంపు, రెండు దొంతరల పుస్తకాలు ఉంటే పని జరుగుతుంది.

దరియాలతిప్పలో ఒక డబ్బా

యానాం గురించి తెలియని పాఠకులకు రెండు మాటలు. గౌతమీ గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్ర జిల్లాల మధ్య, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన చిన్న తెలుగు సీమ అది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. చట్టప్రకారం పూర్తి అప్పగింత 1962లో జరిగింది. ఆ యానాంలో గోదారిని ఆనుకొని ఉన్న పల్లె దరియాలతిప్ప. మా మేనత్తగారిల్లు అక్కడే.

మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు ఆవిడ ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. అందులో 62 నాణేలు. ముగ్గురు కొడుకులు మూడు ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళకి పంచాలని ఆవిడ ఆలోచన. అప్పటికే ఒక గిన్నెలో చింతపండు నానుతోంది. “ఏరా, చింతపండేసి తోమిచ్చేస్తే తళతళలాడిపోతాయి కదా, అప్పుడు తీద్దువుగాని ఫోటోలు” అన్నారు. “అత్తయ్యా, ముందు ఫోటోలు తియ్యనివ్వండి, తోమడం సంగతి తర్వాత చూద్దాం” అని గిన్నె పక్కన పెట్టించాను.

చింతపండు పులుసుకు రాగి మీది నల్లపొర కరుగుతుంది. ఆ పొరతోపాటు సన్నని అక్షరాల అంచులూ పోతాయి. ఒకసారి పోయిన అక్షరం మళ్ళీ రాదు. బూడిద, ముగ్గు, బజారులో దొరికే పాలిష్‌లు అన్నీ చేసే పని ఇదే. నాణేలు సేకరించేవాళ్ళు తోమిన నాణేన్ని చూడగానే గుర్తుపట్టి ధర సగానికి సగం తగ్గించేస్తారు. దుమ్ముంటే మెత్తని కుంచెతో దులపండి, చాలు. నాణేన్ని అంచులు పట్టుకొనే తీయండి. చేజారినా దెబ్బ తగలకుండా బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు పరచండి.

సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకో సంగతి గమనించాలి. ఉప్పుగాలికి రాగి మీద చిలుము పడుతుంది. గట్టిగా, నునుపుగా ఉన్న ముదురురంగు పొర వల్ల భయం లేదు, అది నాణేన్ని కాపాడుతుంది. లేత ఆకుపచ్చ రంగులో పొడిలా రాలుతుంటే మాత్రం అది లోపలికి తింటున్నదని అర్థం. అలాంటివాటిని విడిగా, పొడిగా ఉంచండి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఇందుకు పనికొస్తాయి. మెత్తని పివిసి ప్లాస్టిక్ కవర్లలో మాత్రం వేయకండి. ఆ ప్లాస్టిక్కే కొన్నాళ్ళకు నాణేన్ని పాడుచేస్తుంది.

సరంజామా, ఖర్చు

బ్యాంకు ఉద్యోగిని కనుక లెక్క చెప్పకుండా ఉండలేను. నల్ల వెల్వెట్ ముక్క 60 రూపాయలు. ఫోటోఫ్రేముకు వేసే సాదా అద్దం ముక్క 50. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు 100. బటర్ పేపరు 20. మిల్లీమీటర్ల గుర్తులున్న స్కేలు 10. వెరసి 240. నూరోవంతు గ్రాము దాకా తూచే జేబు త్రాసు కూడా కొన్నాను, అది 350. మొత్తం 590 రూపాయలు. టేబుల్ లాంపు, పుస్తకాలు, తెల్ల అట్టముక్క, రబ్బరు ఇంట్లోవే.

ముందుగా నిలకడ

నాణెం ఫోటోలు చెడిపోవడానికి మొదటి కారణం చేయి వణకడం. రెండు దొంతరల పుస్తకాలు సమాన ఎత్తులో పేర్చి, మధ్య ఖాళీలోకి కెమెరా కన్ను వచ్చేలా ఫోనును వాటి మీద అడ్డంగా పడుకోబెట్టండి. నాణెం నుంచి ఫోను 15, 20 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మరీ దగ్గరికి తెస్తే ఫోను నీడ నాణెం మీద పడుతుంది, గుండ్రని నాణెం ఆకారం కూడా సాగినట్టు వస్తుంది. దూరంగా ఉంచి రెండింతలు జూమ్ చేయడం మేలు.

ఫోను నాణేనికి సరిగ్గా సమాంతరంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన కిటుకు ఉంది. నాణెం పెట్టేచోట చిన్న ముఖం చూసుకునే అద్దం పెట్టండి. తెర మీద మీ ఫోను కెమెరా కన్ను సరిగ్గా నడిమధ్య కనబడితే అంతా సమంగా ఉన్నట్టే. పక్కకి కనబడితే ఒక దొంతర కింద రెండు కాగితాలు చేర్చండి. తర్వాత అద్దం తీసేసి నాణెం పెట్టుకోవచ్చు.

మీట నొక్కినప్పుడు ఫోను కదులుతుంది కనుక మూడు సెకన్ల టైమరు పెట్టండి. ఫ్యాను ఆపండి. తెర మీద నాణెం అక్షరాల దగ్గర వేలితో తాకితే ఫోకసు అక్కడికి వస్తుంది.

నాణేన్ని వెల్వెట్ మీద నేరుగా పెట్టకుండా, నాణెం కన్నా చిన్నదైన రబ్బరు ముక్క మీద పెట్టండి. నాణెం గాలిలో తేలుతున్నట్టు వస్తుంది, నీడ పడదు, గుడ్డ నూలుపోగులు కనబడవు. వెనుక నల్లగా ఉంటే ఫోను చీకటిగా ఉందనుకొని వెలుగు పెంచేస్తుంది, నాణెం తెల్లగా పాలిపోతుంది. అప్పుడు తెర మీద వెలుగు గుర్తును కొంచెం కిందికి లాగాలి. ఇది ఇబ్బంది అనిపిస్తే బూడిదరంగు అట్ట వాడండి, రాగికీ వెండికీ సరిపోతుంది.

వెలుతురు ఎటునుంచి?

అసలు విద్య ఇక్కడుంది. నాణెం మీద ఉన్నది రంగుల బొమ్మ కాదు, ఎత్తుపల్లాలు. ఎత్తుపల్లాలు కనబడాలంటే నీడ కావాలి. నెత్తి మీద ట్యూబులైటు గాని, ఫోనుకుండే ఫ్లాషు గాని నీడను చంపేస్తాయి. అందుకని ఫ్లాషు వాడవద్దు.

ఉత్తరపు కిటికీ దగ్గర పగటి వెలుతురు మంచిది. కిటికీ ఒక పక్కన ఉంటే రెండో పక్కన తెల్ల అట్ట నిలబెట్టండి, మరీ నల్లని నీడలు మెత్తబడతాయి. కిటికీ వెలుతురు వాడేటప్పుడు లైట్లన్నీ ఆపాలి. రెండు రకాల వెలుగు కలిస్తే రాగి ఇత్తడిలాగా, వెండి నీలంగా వస్తుంది.

లాంపు వాడితే, నాణేన్ని గడియారం ముఖం అనుకోండి. లాంపు పదిగంటల ముల్లు దగ్గర, అంటే ఎడమవైపు పైన ఉండాలి. వెలుగు పైనుంచి వస్తుందని మన కళ్ళకి పుట్టుకతో అలవాటు. లాంపు కిందివైపు పెడితే ఉబ్బెత్తుగా ఉన్న రాణి ముఖం గుంటలాగా కనబడుతుంది.

ఏ నాణేనికి ఏ వెలుగు

అరిగిపోయిన రాగి నాణేలకు లాంపును బాగా కిందికి దించి, వెలుగు నాణెం మీదుగా జారిపోయేలా పెట్టాలి. దరియాలతిప్ప డబ్బాలో ఒక నల్లని రాగిబిళ్ళ ఉంది. పట్టపగలు చూస్తే ఏమీ కనబడలేదు. లాంపు దించి, పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది గంటల స్థానాల్లో మార్చి నాలుగు ఫోటోలు తీశాను. ఒకదాంట్లో మాయమైన గీత మరొకదాంట్లో తేలింది. నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ‘48 టు వన్ రుపీ’ అన్న ఇంగ్లీషు అక్షరాలు, 1794 అన్న ఏడు కనబడ్డాయి. అది ఈస్టిండియా కంపెనీవారు మన ఉత్తర సర్కారుల కోసమే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ గారి సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద ముద్రించి ఓడల్లో పంపిన నాణెం. అలాంటివి నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి. ఆ రోజు చింతపండు గిన్నెలో వేసి ఉంటే ఆ అక్షరాలు ఎవరికీ కనబడకుండానే పోయేవి.

వెండి రూపాయలది ఇంకో తంటా, అవి మెరుస్తాయి. లాంపుకు, నాణేనికి మధ్య బటర్ పేపరు అడ్డం పెట్టండి, మెరుపు తగ్గుతుంది. అప్పటికీ చాలకపోతే అద్దం ముక్క తీసుకోండి. నాణేనికి పైన, కెమెరాకు కింద, అద్దాన్ని ఏటవాలుగా 45 డిగ్రీల కోణంలో రెండు పుస్తకాల ఆసరాతో నిలబెట్టండి. లాంపును పక్కనుంచి, బల్లకు సమాంతరంగా ఆ అద్దం మీద పడేలా పెట్టండి. వెలుగులో కొంత అద్దం మీద తగిలి నిట్టనిలువుగా నాణెం మీదికి దిగుతుంది. కెమెరా అద్దంలోంచే చూస్తుంది. లాంపు వెలుగు నేరుగా నాణేన్ని తాకకుండా చిన్న అట్ట అడ్డుపెట్టాలి. అద్దానికి అవతల నల్ల కాగితం ఉంచాలి. అనుభవజ్ఞులైన నాణేల ఫోటోగ్రాఫర్లు వాడే పద్ధతే ఇది, మనకు 50 రూపాయల అద్దంతో వస్తుంది.

వెండి రూపాయల మీద ఇంత శ్రమ ఎందుకంటే, వాటిలో తేడాలు సన్నవి. విక్టోరియా రూపాయి మీద మొదట ‘క్వీన్’ అని ఉంటుంది, 1877 నుంచి ‘ఎంప్రెస్’ అని మారింది. 1862 తేదీనే ఉంచి ఆ తర్వాతి ఏళ్ళలో కూడా రూపాయలు ముద్రించారు. వాటిని వేరుచేసేది తేదీ దగ్గర ఉన్న చిన్న చుక్కలే. ఫోటో మసకగా ఉంటే ఆ చుక్కలు ఉండవు.

యానాం వైపు ఇళ్ళలో ఫ్రెంచివారి పుదుచ్చేరి రాగి నాణెం తగిలితే వదలకండి. చిన్నగా, మందంగా, అడ్డదిడ్డంగా ఉంటుంది. ఒకవైపు లిల్లీపువ్వు ముద్ర, రెండోవైపు అరవ అక్షరాల్లో పుదుచ్చేరి పేరు. దాన్ని ‘డూడూ’ అనేవారు. మన ‘దుడ్డు’ ఫ్రెంచివారి నోట అలా మారింది. అలాగే మన పణం ‘ఫానం’ అయింది. ఎనిమిది ఫానాలు ఒక రూపాయి. ఈ నాణెం గుండ్రంగా ఉండదు కాబట్టి ముద్ర నిటారుగా ఉందో లేదో చూసి పెట్టాలి, అంచు ఆకారాన్ని బట్టి పెట్టకూడదు. నైజాం నాణేలకూ ఇదే సూత్రం. చార్మినార్ నిలువుగా నిలబడితే నాణెం సరిగా పెట్టినట్టే. ఆ చార్మినార్ గుమ్మంలో ఉన్న ఒంటి అక్షరం ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్ కాలానిది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్ కాలానిది.

చిల్లుకానికి, అంటే 1943 నుంచి 1947 దాకా వచ్చిన నడుమ కన్నమున్న కంచు పైసకు, రబ్బరు ముక్క కన్నంలోంచి కనబడుతుంది. దాని కింద నల్లగుడ్డ చుట్టిన సీసామూత పెట్టండి. తర్వాతి అల్యూమినియం పైసలు మామూలు కిటికీ వెలుతురులో చక్కగా వస్తాయి. తేదీ కింద గుర్తు మాత్రం స్పష్టంగా పడాలి. చుక్కలాంటి వజ్రపు గుర్తుంటే బొంబాయి, నక్షత్రముంటే మన హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా టంకశాలలో తయారైనదన్నమాట.

ఫోటో ఒక్కటే చాలదు, పద్దు కావాలి

రసీదు లేని చెల్లింపు ఎలాంటిదో, వివరం లేని ఫోటో అలాంటిది. ప్రతి నాణేనికీ ఒక వరుస సంఖ్య ఇవ్వండి. బొమ్మ, బొరుసు, అంచు మూడు ఫోటోలు. ఒకదాంట్లో పక్కన స్కేలు ఉండాలి. నోటుపుస్తకంలో అదే సంఖ్య కింద వ్యాసం, బరువు, లోహం, తేదీ రాయండి. 1939 దాకా వచ్చిన బ్రిటిషు ఇండియా వెండి రూపాయి అసలు బరువు 11.66 గ్రాములు. అరుగుదల వల్ల కొంచెం తగ్గవచ్చు గాని, మీ త్రాసు తొమ్మిదో పదమూడో చూపిస్తే అనుమానించాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైన గడి ‘ఎవరిచ్చారు, ఎప్పుడు’ అన్నది. మా మేనత్తగారికి చూపు మందగించింది. నాణెం చేతికిస్తే తడిమి చూసి “రూపాయేగా” అన్నారు. అదే నాణెం ఫోను తెర నిండా పెద్దదిగా చూపిస్తే కాసేపు అలాగే చూశారు. పైభాగాన కొక్కెం అతికించి ఊడిన మచ్చ ఉంది. “ఇది మా అమ్మ మెళ్ళో ఉండేదిరా. నా పురిటికి డబ్బు లేక కొక్కెం తీయించి తాకట్టు పెట్టింది. మళ్ళీ విడిపించి నా చేతిలో పెట్టింది” అన్నారు. ఆ సంగతి ఆవిడ కొడుకులు ముగ్గురికీ తెలియదు. అతుకు మచ్చ ఉన్న రూపాయికి వ్యాపారి వెండి ధర మించి ఇవ్వడు. పంపకంలో అయితే దాన్ని ఎవరూ కోరుకొని ఉండరు. ఆ ఫోటో, కింద ఆవిడ చెప్పిన నాలుగు వాక్యాలు చేరిన తర్వాత ముగ్గురూ అదే అడిగారు. చివరికి అది ఆవిడ దగ్గరే ఉంచాలని, మిగిలిన 61 పంచుకోవాలని, ఫోటోల ఆల్బం మాత్రం ముగ్గురికీ పూర్తిగా ఉండాలని తీర్మానించుకున్నారు.

ఫోటోలు దాచడంలో కూడా బ్యాంకు పద్ధతే పాటించండి. ఒక ప్రతి ఫోనులో, ఒకటి కంప్యూటరులో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి చుక్కలు, గీతలు చెరిగిపోతాయి. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. రంగులు దిద్దే, నునుపుచేసే హంగులు వాడవద్దు. మనకు కావలసింది నాణెం ఉన్న తీరు.

చట్టం, మోసం

మన పత్రిక పాఠకుల్లో చాలామంది రాష్ట్రం బయట, కొందరు దేశం బయట ఉన్నవారు. వారికి ఒక ముఖ్య గమనిక. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. తాతగారి గుర్తు అని పెట్టెలో వేసుకొని విమానం ఎక్కితే కస్టమ్స్ వారి దగ్గర చిక్కుల్లో పడతారు. ఫోటోకు ఆ అడ్డు లేదు. అలాగే పొలం దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో నాణేలు దొరికి, విలువ 10 రూపాయలు మించితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. అలా దొరికినప్పుడు కూడా మట్టితో ఉన్నదున్నట్టు ఫోటో తీయడం మంచిది.

ఇక మోసాల మాట. ‘మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు రుసుము కట్టండి’ అనే ప్రకటనలు చూసి కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళను చాలామందినే చూశాను. రిజర్వు బ్యాంకు పేరు వాడుకొని ఇలా డబ్బు గుంజుతున్నారని, తమకు ఆ వ్యవహారాలతో సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. ముందుగా డబ్బు కట్టమన్నవాడికి నాణెం గాని, రూపాయి గాని ఇవ్వకండి. నాణెం ఏమిటో తెలుసుకోవాలంటే మంచి ఫోటో, బరువు, వ్యాసం రాసి తెలిసినవాళ్ళకు పంపితే చాలు, నాణెం మీ గడప దాటనక్కరలేదు.

వచ్చే సెలవులకు ఊరు వెళ్ళేటప్పుడు సంచిలో ఒక నల్లగుడ్డ, ఒక స్కేలు, ఒక బల్బు వేసుకువెళ్ళండి. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని, పిల్లల చేత లాంపు పట్టించి, రోజుకు పది నాణేల చొప్పున తీయండి. పిల్లలకు బేడ అంటే ఎంతో, అణాకు ఎన్ని పైసలో అప్పుడే చెప్పవచ్చు. పద్దు పుస్తకం మాత్రం మీ చేత్తో, తెలుగులో రాయండి.